కరోనా కాలంలో గోవా ఓడ: బాల్కనీ గదికి పెట్టిన డబ్బు, టిప్పుల లెక్క

కరోనా కొత్త రకం ఒమిక్రాన్ పేరు అప్పుడప్పుడే పేపర్లలో మొదలైన 2021 డిసెంబరులో అనంతపురం నుంచి ముంబై వెళ్ళి, అక్కడ గోవా ఓడ ఎక్కాం. మా అమ్మ, మా ఆయన, పాప, నేను, మాతో పాటు మా వదినావాళ్ళు. తిరిగొచ్చినప్పటి నుంచీ కనపడినవాళ్ళంతా రెండే అడుగుతున్నారు, భయం వేయలేదా, ఎంతయింది అని. భయం సంగతి, డబ్బు ఎక్కడెక్కడ పోతుందో ఆ సంగతి, రెండూ చెప్తాను. కానీ ఓడలో పనిచేసేవాళ్ళ గురించి, వాళ్ళకిచ్చే టిప్పుల గురించి ఎవరూ అడగడం లేదు, నాకైతే అన్నిటికంటే ముందు చెప్పాలనిపించేది అదే.

భయం ఎందుకు ఉండదు. 2020 ఫిబ్రవరిలో జపాన్‌లోని యొకొహామా రేవులో ఆపేసిన డైమండ్ ప్రిన్సెస్ ఓడను టీవీలో రోజూ చూసినవాళ్ళమే కదా. అందులో ఉన్న 3,711 మందిలో 712 మందికి కరోనా సోకింది. మన దేశంవాళ్ళు 138 మంది ఉంటే వాళ్ళలో 132 మంది ఓడలో పనిచేసేవాళ్ళే. ప్రయాణికులను గదుల్లోంచి రావద్దన్నారు సరే, మరి వాళ్ళకు పూటపూటా భోజనం తలుపు దాకా తెచ్చి ఇవ్వాల్సింది ఎవరు? సిబ్బందే. వాళ్ళు మాత్రం పని మానలేదు, ఇరుకు గదుల్లో ఇద్దరు ముగ్గురు కలిసే పడుకున్నారు, మొదట్లో పాజిటివ్ వచ్చిన సిబ్బందిలో ఎక్కువమంది వంట, వడ్డన పనుల్లో ఉన్నవాళ్ళే. కిటికీ లేని గదుల్లో చిక్కుకున్న ప్రయాణికులను వంతులవారీగా డెక్ మీదికి గాలికి వదిలేవాళ్ళట. ఇది చదివాక బాల్కనీ గది అయితేనే వస్తానని ఇంట్లో గట్టిగా చెప్పేశాను.

మా అమ్మకు కరోనా కంటే నీళ్ళంటే భయం. 2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగినప్పటి నుంచి పడవ అన్న మాటే ఎత్తనిచ్చేది కాదు. పైగా మేము బయల్దేరడానికి ముందు నెలలోనే పెన్నా, చిత్రావతి పొంగి ఊళ్ళు మునిగాయి, వానే పడని జిల్లా అనుకునే మాకు అదొక పెద్ద దెబ్బ. అమ్మను ఒప్పించింది మా పాప. ఎలా ఒప్పించిందో నాకు ఇప్పటికీ చెప్పలేదు.

కాగితాల పని గురించి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే టెన్షన్ అంతా అక్కడే. అప్పట్లో పెద్దవాళ్ళకు టీకా రెండు డోసుల సర్టిఫికెట్, దానితో పాటు ఆర్టీపీసీఆర్ అనే కరోనా టెస్టు నెగెటివ్ రిపోర్టు అడిగారు, ఆ రిపోర్టు కొన్ని గంటల పాటే చెల్లేది. అమ్మ ఆధార్‌లో ఇంటిపేరు ముందుంది, టీకా వేసుకున్నట్టు కోవిన్ సైటు ఇచ్చిన సర్టిఫికెట్లో చివర పడింది. సరిచేసుకోవచ్చు గానీ అప్పట్లో ఒక్కసారే అవకాశం ఉండేది, కాబట్టి ఆధార్ ఎదురుగా పెట్టుకుని అక్షరం అక్షరం చూసి కొట్టాం. టెస్టు మాత్రం మన ఊళ్ళో చేయించుకుని బయల్దేరలేదు. రాత్రి ఉద్యాన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ముంబైలో దిగేసరికి మర్నాడు సాయంత్రం దాటుతుంది, గంటల లెక్క మొదలయ్యేది శాంపిల్ ఇచ్చినప్పటి నుంచి, రిపోర్టు చేతికొచ్చినప్పటి నుంచి కాదు. అందుకే ఒకరోజు ముందే ముంబై చేరి అక్కడే శాంపిల్ ఇవ్వడం మేలనుకున్నాం. మేము అలాగే చేశాం. ఓడ రేవు బల్లార్డ్ పియర్‌లో ఉంది, రైలు దిగే సీఎస్ఎంటీ స్టేషన్‌కు బాగా దగ్గర, టాక్సీలో ఎక్కువసేపు పట్టదు, అందుకని ఆ పక్కనే ఉన్న ఫోర్ట్ ప్రాంతంలోనే గదులు తీసుకున్నాం. అద్దె ఎక్కువ, గది చిన్నది, కానీ పెద్దావిడతో సామాన్లు మోసుకుంటూ దాదర్ నుంచో అంధేరి నుంచో పొద్దున్నే ట్రాఫిక్‌లో రావడం కంటే ఇదే నయం.

ఓడ ఎక్కేముందు సామాన్లు స్కాన్ చేసినప్పుడు అమ్మ చేసిన నిప్పట్లు, చెనిక్కాయల పొడి చూసి ఆపారు. వండిన తిండి లోపలికి పంపరట. మూత గట్టిగా ఉన్న పొడి డబ్బాను మాత్రం పోనిచ్చారు. ఆ డబ్బా లేకపోతే అమ్మ ఏం తినేదో నాకు తెలియదు, ఎందుకంటే బఫేలో పన్నీర్ ఎక్కువ, కారం తక్కువ, పప్పు కూడా తియ్యగానే ఉంది. బిర్యానీ బాగుంది, రొట్టెలు వేడివేడిగా వేశారు, పిల్లలకు కేకులకు లోటే లేదు. గరిటె మనం ముట్టుకునే పని లేదు, గ్లౌజులు వేసుకున్న సిబ్బందే వడ్డించారు. పెళ్ళి భోజనంలో లాగా కావాల్సింది చూపిస్తే చాలు. కరోనా పోయినా ఈ పద్ధతి ఉంచితే బాగుండునని నా కోరిక.

టికెట్‌తో పాటు ఏమేమి వస్తాయో ముందే రాయించుకోండి. మాకు గది, భోజనాలు, షోలు, ఈత కొలను టికెట్‌లోనే వచ్చాయి. మందు, స్పా, కాసినో, వైఫై, విడిగా ఉండే రెస్టారెంట్, అన్నీ వేరే డబ్బులు. ఏజెంట్ ఊరించి చెప్పిన స్పా కూపన్‌ను మేము వాడనే లేదు, మూసిన గదిలో మాస్కు తీసి పడుకోవడానికి ఎవరికి మనసొస్తుంది? షోలో ఒక సీటు వదిలి ఒక సీటు ఇచ్చారు, బాగానే ఉంది గానీ వెనక వరసలో కూర్చుని సగంలో లేచొచ్చేశాం. వైఫై మాత్రం అప్పట్లో దండగే, ఫోటో ఒక్కటి వెళ్ళడానికి కూడా చాలాసేపు తిరుగుతూనే ఉండేది. ఇంకోటి, తీరం దాటగానే ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టేయండి, ఓడల్లో ఉండే శాటిలైట్ నెట్‌వర్క్‌కు మీ సిమ్ కలిసిందంటే ఆ నెల బిల్లు చూసి గుండె ఆగుతుంది.

బాల్కనీ గదికి పెట్టిన ప్రతి రూపాయికీ విలువ దక్కింది. మా వదినావాళ్ళు లోపలి గది తీసుకున్నారు, ధరలో తేడా ఎక్కువేలే, కానీ లైటు తీస్తే పగలో రాత్రో తెలియదు, కాసేపు కూర్చుంటే ఊపిరాడనట్టు ఉంటుంది. వాళ్ళు పగలంతా మా గదిలోనే ఉన్నారు. అమ్మయితే బాల్కనీలో కుర్చీ వేసుకుని ఆ నీళ్ళకేసి చూస్తూ కూర్చుంది. భయం ఎటు పోయిందో మరి.

గోవాలో ఓడ ఆగేది మొర్ముగావ్ రేవులో. ఉన్న కొన్ని గంటల్లో ఓడవాళ్ళ బస్సులో పాత గోవా వెళ్ళి చర్చిలు చూడొచ్చు, లేదా బయట టాక్సీ మాట్లాడుకోవచ్చు. మేము దగ్గర్లో ఉన్న బొగ్మాలో బీచ్‌కు వెళ్ళొచ్చాం, జనం తక్కువ, పాప ఆడుకుంది, అంతే చాలనిపించింది. టాక్సీ రేటు బేరం కుదిరాకే ఎక్కండి.

ఇక నేను చెప్పాలనుకున్న అసలు సంగతి.

మా గది శుభ్రం చేసింది గోవా కుర్రాడు. తలుపు తట్టి రెండడుగులు వెనక్కి వెళ్ళి నిలబడేవాడు, మేము బయటికొచ్చాకే లోపలికి వెళ్ళేవాడు. పగలంతా మాస్కు ఉంచుకోవాలి కాబట్టి చెవుల వెనక పుండు పడకుండా ఆ తాళ్ళు రెండూ తల వెనక ఒక పేపర్ క్లిప్పుతో కలిపి పెట్టుకున్నాడు, అయినా బుగ్గల మీద గీతలు ఎర్రగా దిగిపోయి ఉన్నాయి. భోజనాల హాల్లో శ్రీకాకుళం జిల్లా అబ్బాయి ఒకడు మా మాట విని దగ్గరికొచ్చాడు. "అక్కా, మీది అనంతపురమా?" అని అడిగి, అమ్మకు రోజూ పెరుగన్నం విడిగా కలిపి తెచ్చేవాడు. 2020లో వేరే దేశం ఓడలో ఉన్నాడట, ప్రయాణికులందరూ దిగిపోయాక కూడా నెలల తరబడి దిగనివ్వలేదట. "ప్యాసింజర్లు లేకపోతే టిప్పు లేదక్కా, టిప్పు లేకపోతే ఇంటికి పంపడానికేం మిగలదు" అన్నాడు. అమ్మ మాత్రం "తిన్నావా నాయనా" అని పూటపూటా అడిగేది.

అమెరికా కంపెనీల ఓడల్లో టిప్పు మనం ఇచ్చేది కాదు, వాళ్ళే బిల్లులో వేసేస్తారు. మేము వెళ్ళిన కాలానికి రోజుకు మనిషికి దాదాపు 14 నుంచి 16 డాలర్లు. నలుగురున్న కుటుంబానికి రోజుకు 60 డాలర్లు, అప్పటి లెక్కలో నాలుగున్నర వేల రూపాయలు, మందు తాగితే దాని మీద ఇంకో 18 శాతం. బ్రిటన్ కంపెనీలు కొన్ని దాన్ని టికెట్‌లోనే కలిపేశాయి. మాకు టికెట్ ఇచ్చిన ఏజెంట్ "అన్నీ కలిపే మేడం" అన్నాడు, తీరా దిగేముందు బిల్లులో సర్వీస్ చార్జీ అని విడిగా ఒక లైను కనిపించింది. ఫోన్ చేస్తే "అది కామనే మేడం" అని పెట్టేశాడు. ఆ డబ్బు వేయడం తప్పని నేను అనను. ముందు చెప్పకపోవడం తప్పు. బుకింగ్ రోజే ఈ ఒక్క ప్రశ్న మెసేజ్‌లో అడిగి, జవాబు కూడా మెసేజ్‌లోనే తీసుకోండి.

"బిల్లులో వేశారు కదా, మళ్ళీ చేతికెందుకు?" అంది మా వదిన. న్యాయమైన మాటే. కానీ బిల్లులో పడింది అందరికీ పంచుతారు, మన గది ఊడ్చినవాడికి అందులో ఎంత అందుతుందో మనకు తెలియదు. టీకా వేసుకుని, టెస్టు చేయించుకుని, నాలుగు రోజులు సరదాగా ఉండి ఇంటికొచ్చేస్తాం మనం. వాళ్ళు వారం వారం కొత్త జనం మధ్య అదే ఓడలో ఉంటారు. నేను చేతికి కూడా ఇచ్చాను, గది కుర్రాడికి, భోజనాల అబ్బాయికి, కవర్లో పెట్టి. వదిన కూడా చివరికి ఇచ్చింది.

మేము వచ్చాక 2022 జనవరి మొదట్లో ముంబై నుంచి గోవా వెళ్ళిన ఓడలో, సుమారు 2,000 మందికి టెస్టు చేస్తే 66 మందికి పాజిటివ్ వచ్చింది. మొదట బయటపడింది సిబ్బందిలో ఒకరికే. కొత్త సంవత్సరం కోసం వెళ్ళినవాళ్ళతో ఓడ తిరిగి ముంబైకి వచ్చేసింది. ఆ వార్త చూసిన రోజు మా అమ్మ నన్ను అడిగింది గది కుర్రాడు, భోజనాల అబ్బాయి, ఆ ఇద్దరి గురించే.

కాబట్టి కరోనా తిరుగుతున్నప్పుడు వెళ్ళాలా అని అడిగేవాళ్ళకు: ఇంట్లో ఊపిరితిత్తుల జబ్బున్న పెద్దవాళ్ళుంటే వద్దు, ఆ డబ్బులో కొంత పెట్టుకుని గండికోట వెళ్ళి లోయ అంచున గాలి పీల్చుకుని రండి. వెళ్ళేవాళ్ళు మాత్రం, పాజిటివ్ వస్తే డబ్బు తిరిగిస్తారా, లేక ఇంకోసారి ప్రయాణానికి జమ మాత్రమే రాసుకుంటారా అని తేల్చుకున్నాకే కట్టండి. మాకు జమే అన్నారు, అదీ ఏడాది గడువుతో. లోపలి గది ఎంత చౌకగా వచ్చినా తీసుకోకండి. ఓడలో అన్నీ కార్డు మీదే నడుస్తాయి, చిల్లర దొరకదు, కాబట్టి ఐదొందల నోట్లు ఇంటి దగ్గరే కవర్లలో పెట్టుకుని, దిగే రోజు పొద్దున హడావిడిలో కాకుండా ముందురోజు సాయంత్రమే ఇచ్చేయండి, పొద్దునకు వాళ్ళ డ్యూటీలు మారిపోతాయి.