ఫసల్ బీమా: వరికి కట్టొచ్చు, మిర్చికి ఆలోచించాలి

గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల పంట బీమా మాటెత్తితే వచ్చే జవాబు ఒకటే: "కట్టిన డబ్బు మళ్ళీ కళ్ళజూసిందెవరు?" రేటు మీద నమ్మకంతో ఎకరానికి లక్షలు మదుపు పెట్టే రైతే ప్రీమియం దగ్గర వెనకాడతాడు. అది పిసినారితనం కాదు. ఈ బీమా దేన్ని కాస్తుందో, దేన్ని కాయదో కట్టించుకునేచోట విడమరిచి చెప్పేవాళ్ళు తక్కువ.

ప్రధానమంత్రి ఫసల్ బీమా 2016 ఖరీఫ్‌లో మొదలైంది. బీమా మొత్తంలో రైతు వాటా ఖరీఫ్ ఆహార పంటలకు 2 శాతం, రబీకి 1.5, వాణిజ్య పంటలకు 5 దాకా. ధరకు వంక పెట్టలేం. మన రాష్ట్రంలో ఉచితంగా ఇచ్చిన రోజుల్లో ఈ-క్రాప్‌లో, అంటే ఎవరు ఏ పంట వేశారో ప్రభుత్వం రాసుకునే నమోదులో, ఎక్కితే సరిపోయేది. 2024-25 రబీ నుంచి వాటా గడువులోగా కట్టకపోతే బీమా లేనట్టే.

మెలికంతా పరిహారం లెక్కలో ఉంది. వరికి చూసేది మీ మడిని కాదు, ఊరి సగటుని. గత 7 ఏళ్ళలో బాగా పండిన 5 ఏళ్ళ సగటు తీసి, అందులో 70, 80 లేదా 90 శాతాన్ని హామీ దిగుబడిగా పెడతారు. హామీ 24 బస్తాలు, ఎకరాకు బీమా 40,000 అనుకోండి. ఊళ్ళో కొన్ని మళ్ళు కోసి తూచే కోత ప్రయోగాల్లో సగటు 18 తేలితే లోటు పావు వంతు, చేతికి 10,000. సగటు 24 దాటిందా, మీ పల్లపు చెక్కలో గింజ లేకపోయినా సున్నే. మెరక పొలాలు ఎక్కువున్న ఊళ్ళో డ్రెయిను పక్క రైతు నష్టం ఈ లెక్కకు ఆనదు. ఊరంతా ఒకేసారి మునిగే చోట మాత్రం కట్టడమే మంచిది.

కోత తర్వాతి నష్టాన్ని పొలం వారీగానే చూస్తారు. 2023 డిసెంబరులో మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు డెల్టాలో ఎంతో వరి పనల మీదే ఉంది. కోసి పొలంలో ఆరబెట్టిన పనలకు 14 రోజుల దాకా రక్షణ. కుప్ప వేశాక తడిస్తే లేదు. మీ జిల్లా నోటిఫికేషన్‌లో ఇది ఉందో లేదో ముందే అడగండి. నష్టం జరిగిన 72 గంటల్లో 14447కి ఫోన్ చేసి గానీ పంట బీమా యాప్‌లో గానీ చెప్పాలి. ఫొటోలో పనల కింద నీళ్ళు, పక్కన గట్టు కనపడాలి. మొలకెత్తిన కంకిని దగ్గరగా ఇంకొకటి తీయండి. సర్వేకి రాకముందే పనలు ఎత్తేస్తే చూపడానికేమీ మిగలదు.

నిలబడ్డ వరి ముంపును 2018లో పొలం వారీ రక్షణ నుంచి తీసేశారు. 2026 ఖరీఫ్ నుంచి కేంద్రం మళ్ళీ చేర్చింది. బుడమేరు పక్క పొలాలకు ఇది చిన్న మార్పు కాదు.

వాతావరణ బీమా కింద పెట్టిన చోట మిర్చిది వేరే దారి. వాన, ఎండ, తేమ అంకెలు తప్ప తోటను చూడరు. 2021-22లో నల్ల తామర పురుగు తోటల్ని ఊడ్చేసింది; వర్షమాపకానికి పురుగు సంగతేం తెలుస్తుంది? ఈ బీమాకు వరి విషయంలో ఐదు మార్కులకు మూడున్నర ఇవ్వొచ్చు, మిర్చికి రెండే.

కౌలుదారుకైతే ఇంకా కష్టం. 11 నెలల సాగు హక్కు కార్డుకు భూ యజమాని సంతకం కావాలి, ఆయనేమో భూమి పోతుందని భయపడతాడు. కార్డు లేక ఈ-క్రాప్ యజమాని పేరున ఎక్కితే పరిహారమూ ఆయన ఖాతాకే.

పంట రుణం ఉంటే బ్యాంకే ప్రీమియం కోస్తుంది. వద్దనుకుంటే గడువుకు 7 రోజుల ముందే రాసివ్వాలి. కట్టాక రసీదులో సర్వే నంబరు, ఎకరాలు, పంట పేరు ఈ-క్రాప్‌తో కలిశాయో లేదో అక్కడే నిలబడి చూసుకోండి. వరి వేస్తే మినుము అని పడిందా, గడువు దాటాక దిద్దించడం మీ తరం కాదు.