నట్‌క్రాకర్ టికెట్లు కొంటున్నారా? ఎవరు ఆడుతున్నారో ముందు కనుక్కోండి

అమెరికాలో పిల్లలున్న తెలుగువాళ్లందరికీ ఇది చేరాలని రాస్తున్నాను. డిసెంబరు నెలంతా ఊరూరా తిరుగుతూ నట్‌క్రాకర్ అనే క్రిస్మస్ బ్యాలే (పాశ్చాత్య శాస్త్రీయ నృత్యనాటకం) వేసే ఒక ట్రూపు ప్రదర్శనకి థాంక్స్‌గివింగ్ అయ్యాక డాలస్ దగ్గర వెళ్లాం. నలుగురికి టికెట్లు, పార్కింగు కలిపి ఐదు వందల డాలర్ల దాకా అయింది. ఆ డబ్బుకి తగ్గ నాట్యం అక్కడ లేదు. క్రిస్మస్ దాకా వాళ్లు ఇంకా చాలా ఊళ్లు తిరుగుతారు, మీ ఊరూ అందులో ఉండొచ్చు. రిఫండ్ వ్యవహారం తేలలేదు కాబట్టి పేరు రాయడం లేదు, కానీ ఇలాంటివాళ్లని పేరు తెలియకపోయినా పోల్చుకోవచ్చు.

పోస్టర్ మీద 'అంతర్జాతీయ తారలు' అని పెద్ద అక్షరాల్లో ఉంది. ఏ దేశం వాళ్లో, ఏ కంపెనీలో ఆడారో, పేర్లేమిటో ఎక్కడా లేదు. హాల్లో ఇచ్చిన కాగితంలో కూడా పాత్రల పేర్లే ఉన్నాయి, ఆడేవాళ్లవి లేవు. న్యూయార్క్ సిటీ బ్యాలే లాంటి కంపెనీలైతే ఏ రోజు షుగర్ ప్లమ్ ఫెయిరీ (మిఠాయి లోకపు దేవకన్య, ముఖ్య పాత్ర) ఎవరో ముందుగానే వెబ్‌సైట్‌లో పెడతాయి. పేరు చెప్పుకోలేని తారని చూపించి టికెట్ అమ్మడం నాకు అన్యాయంగానే అనిపిస్తోంది.

ఇక సంగీతం. ఆర్కెస్ట్రా లేదు, రికార్డు వేశారు. 1892లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో మొదటిసారి ఆడినప్పుడు దీని స్వరకర్త చైకోవ్‌స్కీ ఈ బ్యాలే కోసం సెలెస్టా అనే కొత్త వాద్యాన్ని పారిస్ నుంచి తెప్పించాడు, వేరే స్వరకర్తలకి తెలియనివ్వొద్దని కూడా చెప్పాడు. షుగర్ ప్లమ్ ఫెయిరీ నాట్యానికి ప్రాణం ఆ చిరుగంటల నాదమే. ఇక్కడ స్పీకర్లలో అది చెవులకి గుచ్చుకుంది. అంతకంటే పెద్ద నష్టం నాట్యానికి జరిగింది. ఆర్కెస్ట్రా ఉంటే డాన్సర్ని చూస్తూ కండక్టర్ ఓ క్షణం ఆగుతాడు, రికార్డు ఆగదు. షుగర్ ప్లమ్ ఫెయిరీగా ఆడిన అమ్మాయి ప్రతి తిరుగుడూ పూర్తికాకుండానే పాట వెనక పరిగెత్తాల్సి వచ్చింది.

మా అమ్మాయి బ్యాలే నేర్చుకుంటోంది కాబట్టి ఏం చూడాలో కొంత తెలుసు. మన కూచిపూడిలో అరమండి కూర్చున్నప్పుడు మోకాళ్లు పక్కకి విప్పుకోవడం తుంటి దగ్గర్నుంచి రావాలంటారు కదా, బ్యాలేలోనూ అంతే. పాదాలు మాత్రం తిప్పి మోకాళ్లు ముందుకే ఉంచితే అది శిక్షణ లోపం, పైగా మోకాళ్లకి ప్రమాదం. వెనక వరసలో సగం మంది అలాగే నిలబడ్డారు. ఎగిరి దిగేటప్పుడు పాదం మెత్తగా నేలకి ఆనుతూ మోకాలు వంగాలి. ఇక్కడ పాయింట్ షూస్ (మునివేళ్ల మీద నిలబడటానికి వేసుకునే గట్టి బూట్లు) చప్పుడు బాల్కనీలో ఉన్న మాకు రికార్డుని దాటి వినిపించింది.

మంచు తునకల నాట్యం చూసి నిజంగా బాధేసింది. నృత్య దర్శకుడు బాలన్‌షైన్ 1954లో కూర్చిన నట్‌క్రాకర్‌లో ఆ నాట్యానికి పదహారు మంది ఉంటారు. ఇక్కడ ఎనిమిది మందే. వరసలు కలవలేదు, తలలు తలోవైపు తిరిగాయి, ఒకచోట ఇద్దరు ఢీకొనబోయారు. వాళ్లలో ఎక్కువమంది స్థానిక డాన్స్ స్కూళ్ల టీనేజి పిల్లలు. వాళ్లని ఒక్క మాట కూడా అనను. నట్‌క్రాకర్‌లో పిల్లలు ఆడటం మామూలే, పార్టీ సన్నివేశంలో చిన్నవాళ్లు ముచ్చటగా చేశారు కూడా. కానీ పెద్ద డాన్సర్లు చేయాల్సిన భాగం సరైన రిహార్సల్ లేకుండా పిల్లల మీద పెట్టి, టికెట్ మాత్రం తారల ధరకి అమ్మారు. అదీ నా కోపం.

చివర్లో షుగర్ ప్లమ్ ఫెయిరీ, ఆమె జోడీ కలిసి చేసే భాగం బ్యాలే మొత్తానికీ శిఖరం. జంట నాట్యం, తర్వాత అతని సోలో, ఆమె సోలో, మళ్లీ ఇద్దరూ. అతని సోలో తీసేశారు. తిరుగుళ్లలో ఆమె పక్కకి ఒరిగిన ప్రతిసారీ అతను నడుం పట్టి నిలబెట్టడం కనిపించింది. ఒక్క అరేబియన్ నాట్యం చేసినామె మాత్రం గొప్పగా చేసింది. కాలు నెమ్మదిగా చెవిదాకా ఎత్తి, ఒంటికాలి మీద చలించకుండా నిలబడింది. ఆమెని మెచ్చుకుందామన్నా పేరు తెలియదు.

రిఫండ్ అడిగితే 'తారాగణం మారవచ్చు' అని టికెట్ వెనక ఉన్న చిన్న అక్షరాలు చూపించారు. పేర్లే ఇవ్వనప్పుడు మారేదేమిటని మళ్లీ మెయిల్ పెట్టాను, జవాబు లేదు. పోస్టర్, ఆ కాగితం ఫొటోలు జతచేసి కార్డు కంపెనీలో ఫిర్యాదు ఇచ్చాను. మీరూ కొన్నరోజే ప్రకటన ఫొటో తీసి దాచుకోండి.

ఇంకోటి, వెతికితే మొదట వచ్చే లింకులు చాలావరకు మళ్లీ అమ్మేవాళ్లవి. హాలు పేరే పెట్టుకుని ఉంటాయి, ధర రెట్టింపు కూడా ఉంటుంది. హాలు సొంత సైట్‌కి వెళ్లండి. 2025 మే నుంచి ఫీజులన్నీ కలిపిన మొత్తం ధర ముందే చూపించాలని ఫెడరల్ నిబంధన ఉంది, చివర్లో ఫీజులు కలిపే సైట్‌లో కొనకండి.

టెక్సస్‌లో ఉన్నవాళ్లు వీలైతే హ్యూస్టన్ బ్యాలేకి వెళ్లండి, వాళ్లకి సొంత ఆర్కెస్ట్రా ఉంది. అంత దూరం కుదరకపోతే మీ ఊరి బ్యాలే స్కూలు వేసే ప్రదర్శన చూడండి. టికెట్ తక్కువ, ఆడేది విద్యార్థులని వాళ్లే చెప్తారు. తిరిగే ట్రూపుకే వెళ్లాలనుకుంటే ముందు బాక్సాఫీసుకి ఫోన్ చేసి ఆ రోజు షుగర్ ప్లమ్ ఫెయిరీ ఎవరు, ఆర్కెస్ట్రా ఉందా అని అడగండి. పేరు చెప్పకపోతే కొనకండి.