పెంచలకోన దగ్గర నిమ్మతోటలో ఇల్లు: తొమ్మిదిసార్లు వెళ్లొచ్చాక

నెల్లూరు నుంచి పొదలకూరు, రాపూరు దాటి పెంచలకోన దారి పట్టాక, వెలిగొండలు మీదకి వచ్చేస్తున్నాయి అనిపించే చోట ఒక నిమ్మతోటలో ఉంది, సెలవులకి అద్దెకిచ్చే ఆ ఇల్లు. ఊరూ ఓనరు పేరూ రాయను. బాగున్నవే కాదు, బాగాలేనివీ రాస్తున్నా కదా. 2019 సంక్రాంతి సెలవుల్లో మొదటిసారి వెళ్లాం. కరోనా ఏడాది పోను ఇప్పటికి తొమ్మిదిసార్లయింది. ప్రతిసారీ మూడు కుటుంబాలం: మేము, మా ఆడపడుచు వాళ్లు, చెన్నైలో ఉండే మా ఆయన స్నేహితుడి వాళ్లు. అత్తామామలతో కలిపి పద్నాలుగు మందిమి.

ముందే చెప్పాల్సిన మాట ఒకటుంది. కొండ ఇల్లు అంటే కొండమీద ఇల్లు అనుకుని స్వెట్టర్లు సర్దుకోకండి. ఇది కొండకింద ఇల్లు. చలే కావాలంటే హార్స్‌లీ హిల్స్‌కి వెళ్లాలి, అది పన్నెండు వందల మీటర్ల పైనే ఎత్తు. ఇక్కడ సంక్రాంతి రోజుల్లో తెల్లారుజామున దుప్పటి కప్పుకునేంత చలి, తొమ్మిదింటికల్లా మామూలు ఎండ. ఒక ఏడాది మే నెలలో పెంచలకోన గుడి బ్రహ్మోత్సవాలకని మా అత్తగారు పట్టుబడితే వెళ్లాం. జలపాతం ఉండాల్సిన చోట బండమీద నల్లటి చార మాత్రమే ఉంది. ఇంట్లో ఫ్యాను వేస్తే వేడిగాలి. మన జిల్లాకి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడేవే కాబట్టి, కార్తీకం నుంచి సంక్రాంతి లోపల వెళ్తేనే నీళ్లు చూస్తారు. అందులోనూ ఒక చిక్కుంది. 2021 నవంబరులో బుక్ చేసుకున్న వారమే పెన్నకు వరదొచ్చింది, పడుగుపాడు దగ్గర రైలుపట్టాలే కొట్టుకుపోయాయి. మేం ఇంట్లోంచి కదల్లేదు. ఓనరు అడ్వాన్సు వెనక్కివ్వలేదు గానీ తర్వాతి ట్రిప్పులో తగ్గించుకున్నాడు.

ఇల్లు పాతకాలంది. రెండు గదులు, ఒక హాలు, ముందు పొడుగాటి పంచ, పైన బంగళా పెంకు. ఫొటోల్లో చాలా బాగుంటుంది. ఫొటోలో కనపడనివి కోతులు. అవి పెంకుల మీద పరుగెడితే పెంకులు జరుగుతాయి, జరిగిన చోటల్లా వాన పడితే కారుతుంది. ఏ గదిలో ఎక్కడ గిన్నె పెట్టాలో ఇప్పుడు మా పిల్లలకి కూడా తెలుసు. మొదట్లో ఉన్న బూరుగు దూది పరుపులు వానాకాలంలో ముక్కిన వాసన కొట్టేవి. మూడో ట్రిప్పుకి ఫోమ్ పరుపులు వేశారు. దుప్పట్లు మాత్రం మేం ఇంటినుంచే తీసుకెళ్తాం. ఇన్వర్టరు మీద రెండు బల్బులు, ఒక ఫ్యాను నడుస్తాయి, మూడు గంటలు. చెప్పులు వేసుకునే ముందు దులపాలి. మా మామగారి చెప్పులోంచి ఒకసారి వేలెడు తేలు బయటికొచ్చింది. "చిన్నదేలే," అని ఆయన రెండో చెప్పు దులుపుకున్నారు. ఆ రాత్రి మిగతా పదమూడు మందికీ నిద్ర లేదు.

ఇక అసలు సంగతి వంటిల్లు.

మొదటి ట్రిప్పులో నేను కొండను వంటింటి కిటికీలోంచి చూశాను. కిటికీకి ఎదురుగా సిమెంటు నీళ్లతొట్టి, దాని పైన జానెడు కొండ. స్టవ్‌కి రెండు బర్నర్లు. ఒకటి బాగా మండేది, రెండోది పసుపుపచ్చ మంటతో గిన్నెలకి మసి పట్టించేది. అలాంటి స్టవ్ మీద పద్నాలుగు మందికి దోసెలు పోయాలన్న ఆలోచన ఎవరిదో గుర్తులేదు గానీ, పిండి రుబ్బి తీసుకెళ్లింది నేనే. ఏడింటికి పొయ్యి మీద పెట్టిన పెనం పదిన్నరకి దించాను. నేనూ మా ఆడపడుచూ వంతులేసుకుని పోస్తుంటే తిన్నవాళ్లు తిన్నట్టే లేచి జలపాతానికి వెళ్లారు, నీళ్లలో ఆడారు, ఆకలేసి తిరిగొచ్చారు. "ఇంకా దోసెలున్నాయా?" అని అడిగాడు మా ఆయన. తిరుగు ప్రయాణంలో పొదలకూరు దాకా నేను నోరు తెరవలేదు. ఇంటికొచ్చాక మాత్రం బాగానే తెరిచాను.

రెండోసారి వెళ్లడానికి నేను పెట్టిన షరతులే ఇప్పటికీ నడుస్తున్నాయి. దోసెలు లేవు, పూరీలు లేవు, నిలబడి ఒక్కొక్కటిగా చేయాల్సింది ఏదీ లేదు. శనివారం రాత్రి వంట మగవాళ్లది, బయట మూడు రాళ్ల పొయ్యి మీద కిచిడీ. తొలిసారి అడుగంటింది. ఇప్పుడు ఎంత బాగా కుదురుతోందంటే, ఇంట్లో ఎందుకు చేయరని మా ఆడవాళ్లం అడగడం మొదలుపెట్టాం. ఆదివారం పొద్దున తోట చూసుకునే తాత భార్య రాగిసంగటి, చెనిక్కాయల పచ్చడి చేసిపెడుతుంది, దానికి వేరే డబ్బులిస్తాం. ముందురోజే చెప్తే నాటుకోడి కూడా వండుతుంది. ఆమె చేతివంటకే ఈ ఇంటికి సగం మార్కులు వేస్తాను.

ఆదివారం మధ్యాహ్నానికి చేపల పులుసు. శుక్రవారం రాత్రి ఇంట్లోనే మట్టిచట్టిలో కాచి, మూత మీద గుడ్డ బిగించి కట్టి, కారులో నా కాళ్ల మధ్య పెట్టుకుని తీసుకెళ్తాను. నీసు పెట్టుకుని స్వామి కొండకి పోవడమేందని మా అత్తగారు మొదట ఒప్పుకోలేదు. అందుకని ముందు తోటింట్లో చట్టి దించేసి, స్నానాలు చేసి, అప్పుడు గుడికి వెళ్తాం. శనివారం ఎవరం ముట్టం. రాత్రి ఒక పొంగు రానిచ్చి మళ్లీ మూతపెడతాం. మర్నాటికి చింతపండు పులుపు చేపముక్క లోపలిదాకా పడుతుంది. శనివారమంతా మా ఆయన ఆ చట్టి చుట్టూ తిరగడం చూడాలి.

గుడి దగ్గరే. పెనుశిల లక్ష్మీనరసింహస్వామి. హిరణ్యకశిపుణ్ణి చంపిన కోపంతో తిరుగుతున్న స్వామి ఇక్కడ చెంచులక్ష్మిని చూసి చల్లబడ్డాడనీ, ఇద్దరూ పెనవేసుకున్న రూపమే ఈ శిల అనీ చెప్తారు. ఈ పెళ్లి చూసి ఆదిలక్ష్మి అలిగి ఏటికి అవతల ఉండిపోయిందట. ఆమె గుడి అక్కడే విడిగా ఉంది. మా అత్తగారు ఈ కథ చెప్పిన రాత్రి చెన్నై వాళ్ల పాప, "మరి ఆమెకి వంట ఎవరు చేస్తారు?" అని అడిగింది. మా ఆడపడుచు నా వంక చూసి నవ్వింది.

గుడి వెనక బండల మీదుగా జలపాతానికి నడక. వాన గట్టిగా పడిన రోజుల్లో పైకి పోనివ్వరు, పోకూడదు కూడా. నాచు పట్టిన బండ మీద మా ఆయన స్నేహితుడు జారితే మోచెయ్యి నెలరోజులు బాధపెట్టింది. ఈయనకి కండలేరు చూపించినప్పుడల్లా ఒకటే జోకు: "మా చెన్నై నీళ్లు ఇవే కదా, బిల్లు కట్టే వస్తున్నా." నిజమే, తెలుగుగంగ నీళ్లు కండలేరు జలాశయం నుంచే కాలువలో చెన్నై దగ్గరి పూండి జలాశయానికి పోతాయి.

చుట్టూ అడవంతా పెనుశిల నరసింహ వన్యప్రాణుల అభయారణ్యం. ఎర్రచందనం ఉన్న కొండలు కాబట్టి వచ్చేటప్పుడు ఒక్కోసారి డిక్కీ తెరిపిస్తారు. మా డిక్కీలో దొరికేది నిమ్మకాయల సంచి, ఖాళీ చట్టి. విసుక్కోకుండా దిగి చూపించండి. నాకు విసుగొచ్చేది వేరేవాళ్ల వల్ల. పోయిన ట్రిప్పులో పక్క తోటలో దిగిన కుర్రాళ్లు రాత్రి ఒంటిగంట దాకా సౌండ్ బాక్సు మోగించారు. తాత వెళ్లి చెప్పినా వినలేదు. ఓనరు ఫోనెత్తలేదు. సెల్ సిగ్నలే పంచలో ఒక మూల నిలబడితే వస్తుంది, అక్కడ నిలబడి పదిసార్లు చేశాను.

అలాంటి గోల లేని రాత్రి మాత్రం కరెంటు పోతే బాగుండు అనిపిస్తుంది. పోతే అందరం పంచలోకి వస్తాం. పిల్లలు చాప మీద అడ్డదిడ్డంగా పడుకుంటారు, మామగారు కుర్చీ గోడకి జరుపుకుంటారు. నిమ్మపూత ఉన్న రోజులైతే గాలి వీచినప్పుడల్లా వాసన వస్తుంది. కాసేపటికి మాటలు ఆగిపోతాయి. మా ఇంట్లో పద్నాలుగు మంది ఒకచోట ఉండి మాటలు ఆగడం ఇంకెక్కడా జరగదు.

2019లో రోజుకి 2,500 తీసుకున్నారు, ఇప్పుడు 6,000. పద్నాలుగు మందికి పంచుకుంటే ఎక్కువేం కాదు, నలుగురే వెళ్తే దండగ. పసిపిల్లలున్నా, రాత్రిపూట లేవాల్సిన పెద్దవాళ్లున్నా ఆలోచించుకోండి. ఇంగ్లీషు టాయిలెట్ ఒక్కటే ఉంది, అదీ ఇంటి వెనక, రెండు మెట్లు దిగాలి. తోటలో చెప్పుల్లేకుండా నడవొద్దు, నిమ్మముల్లు రబ్బరు చెప్పులోంచి కూడా దిగుతుంది.

ఈ కార్తీకానికి మళ్లీ చెప్పాం. మొన్న తాత ఫోన్ చేసి, "స్టవ్ కొత్తది తెచ్చిండారమ్మా, మూడు పొయ్యిలుండాయి," అన్నాడు. ఫోన్ స్పీకర్లో ఉండడంతో మా ఆయన కూడా విన్నాడు. పెనం మాత్రం ఇంట్లోనే ఉంటుందని చెప్పేశాను.