ఒంగోలు స్లీపర్ బస్సు: రెండు చుక్కల రేటింగు, అదీ క్లీనర్ కుర్రాడికే

మా బ్యాంకు వాళ్లు చెన్నై గిండీలో మూడు రోజుల ట్రైనింగ్ వేశారు. దాని సంగతి వదిలేయండి, సాంబారు బాగుంది. తిరుగు ప్రయాణానికి మాధవరం బస్టాండు దగ్గర రాత్రి 10.30కి స్లీపర్, 950 రూపాయలు. ఆలందూరులో మెట్రో మారి కోయంబేడు, అక్కణ్నించి ఆటో. ముందే చేరిపోయాను.

11కి బస్సు వాడికి ఫోన్ చేస్తే "పది నిమిషాలు మేడమ్" అన్నాడు. 11.30కీ అవే పది నిమిషాలు. 12కి స్విచాఫ్. బస్సొచ్చేసరికి 12.40. ఏసీ పైపు లోంచి బొట్టుబొట్టుగా నీళ్లు నా దిండు మీదే. సరేలే అని చున్నీ మడిచి పెట్టుకుని పడుకున్నాను. తడ ఊరు దాటాక బండి ఆగిపోయింది. డ్రైవరు దిగి బీడీ ముట్టించాడు, అంతే, ఒక్క ముక్క చెప్పలేదు.

పాపం క్లీనర్ కుర్రాడే రోడ్డు మీద నిలబడి చెయ్యెత్తీ ఎత్తీ, చివరికి నెల్లూరు వెళ్లే ఆర్టీసీ బస్సు ఆపాడు. కింది బెర్తు పెద్దామె సంచి కూడా వాడే మోశాడు. "అమ్మాయ్, టిక్కెట్టు డబ్బులు వదలొద్దు" అందావిడ దారిపొడుగునా. నెల్లూరులో బస్సు మారి ఇల్లు చేరేసరికి ఎండెక్కింది. బ్రాంచికి సెలవు చీటీ!

తొమ్మిది రోజులు వెంటపడితే బస్సు వాళ్లు 400 తిరిగి వేశారు. మిగతాది ఇవ్వరట, "కొంత దూరం ప్రయాణించారు కదా" అట.