స్మార్ట్ పవర్ సేవర్ బాక్సు కొనేముందు ఇది చదవండి

పోయిన అక్టోబర్‌లో ఒక ఆదివారం, హైదరాబాద్ నిజాంపేట్‌లో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఇద్దరు కుర్రాళ్లు టేబుల్ వేసుకుని కూర్చున్నారు. ఈ బాక్సుని ప్లగ్గులో పెట్టి ఫోన్ యాప్‌కి కలిపితే చాలు, కరెంటు బిల్లు 30 శాతం తగ్గిపోతుందన్నారు. 3,800 రూపాయలు పెట్టి కొన్నాను. దయచేసి మీరెవరూ కొనకండి.

వాళ్ల డెమో చూస్తే ఎవరికైనా నమ్మకం కుదురుతుంది. చిన్న నీళ్ల మోటారు ఆన్ చేసి, వైరులో ఎంత కరెంటు (ఆంప్స్) పోతోందో చూపించే క్లాంప్ మీటరు తగిలించారు. బాక్సు స్విచ్ వేయగానే ఆంప్స్ సగానికి పడిపోయాయి. అందులో మోసం లేదు, నిజంగానే తగ్గుతాయి. బాక్సులో ఉండేది ఒక కెపాసిటర్, అంటే కరెంటుని కాసేపు దాచుకుని తిరిగిచ్చే చిన్న భాగం. మోటారుకి అది తోడైతే పవర్ ఫ్యాక్టర్ (లైన్లోంచి లాగే కరెంటులో నిజంగా పనికొచ్చే వంతు) మెరుగుపడి లైన్లో ఆంప్స్ తగ్గుతాయి. కానీ మన ఇంటి బిల్లు ఆంప్స్ మీద రాదు, కిలోవాట్ అవర్ల మీద, అంటే యూనిట్ల మీద వస్తుంది. మోటారు తిరగడానికి ఖర్చయ్యే యూనిట్లు బాక్సు ఉన్నా లేకపోయినా అవే. ఈ ఒక్క ముక్క నాకు ఆ రోజు తెలిసి ఉంటే బాగుండేది.

నవంబర్ బిల్లు చూసి చాలా సంతోషపడ్డాను. అంతకుముందు నెల 236 యూనిట్లు, ఆ నెల 188. ఎనర్జీ చార్జీలే దాదాపు 1,297 నుంచి 762కి దిగాయి. అంత తేడా రావడానికి కారణం స్లాబు, అంటే వాడిన యూనిట్లను బట్టి మారే రేటు. 200 దాటితే మొదటి 200 యూనిట్లకూ 5.10 రూపాయల చొప్పున పడుతుంది, ఆ పైన 300 దాకా 7.70. 200 లోపు ఉంటే 3.40, 4.80 రేట్లే. మరి యూనిట్లు ఎందుకు తగ్గాయంటే, చలికాలం మొదలై ఏసీ ఆపేశాం, అంతే. తర్వాత పాత బిల్లులు తీసి చూస్తే, బాక్సు లేని ముందటి ఏడాది నవంబర్‌లో 185 ఉన్నాయి. కానీ అప్పుడు అది చూడకుండా, దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండే మా అక్కతో కూడా ఒకటి కొనిపించాను. అదే ఎక్కువ బాధ.

మే నెలలో గాలివానకి రెండు గంటలు కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద వైఫై నడుస్తోంది, మెయిన్ లైన్లో ఉన్న బాక్సు లైటు ఆరిపోయింది. యాప్‌లో మాత్రం ‘ఈరోజు ఆదా’ అంకె పెరుగుతూనే ఉంది! అప్పుడు అనుమానం వచ్చింది.

మర్నాడు ఇంట్లో అన్నీ ఆపేసి నాలుగు సీలింగ్ ఫ్యాన్లు మాత్రమే వేశాను. మా మీటరు మీద యూనిట్‌కి 3200 ఇంపల్స్ అని రాసి ఉంది, అంటే ఎర్ర లైటు 3200 సార్లు మెరిస్తే ఒక యూనిట్. ఐదు నిమిషాలు లెక్కపెట్టాను. బాక్సు లేకుండా 80, బాక్సుతో 81. ఎలక్ట్రీషియన్ విప్పి చూపిస్తే లోపల కెపాసిటర్, ఒక చిన్న వైఫై బోర్డు, ఎల్ఈడీ, అంతకుమించి ఏమీ లేవు.

అమ్మినవాళ్ల నంబరు ఇప్పుడు పనిచేయడం లేదు. అక్క డబ్బులు నేనే ఇచ్చేశాను.

టెక్నాలజీతో కరెంటు ఆదా కాదని నేను అనడం లేదు. యూనిట్లు చూపించే 16 ఆంప్స్ స్మార్ట్ ప్లగ్గు గీజర్‌కి పెట్టాక, టైమర్‌తో అది 20 నిమిషాలకే ఆగిపోతోంది. 2000 వాట్ల గీజర్ అరగంట నడిస్తే ఒక యూనిట్ అయిపోతుంది కాబట్టి ఇది కళ్లకు కనిపించే ఆదా. ఈ ప్లగ్గు తనంతట తాను ఏదీ తగ్గించదు, వస్తువుని ఆపుతుంది.

మీ అపార్ట్‌మెంట్‌కి ఇలాంటివాళ్లు వస్తే క్లాంప్ మీటరు పక్కన పెట్టించి, మీ ఇంటి మీటరు దగ్గర లైటు లెక్కపెట్టి చూపించమనండి. ఇప్పటికే కొన్నవాళ్లు రసీదు, పేమెంట్ స్క్రీన్‌షాట్ దాచుకుని 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి. నేనూ చేశాను.