మార్టిన్ తరహా ఆంత్రోపోమెట్రీ కిట్: కొనేముందు ఏం చూడాలి

మనిషి శరీరాన్ని అధ్యయనం చేసే ఫిజికల్ ఆంత్రోపాలజీ ప్రాక్టికల్స్‌కి తప్పనిసరిగా కావలసిన, ఒంటి కొలతలు (ఆంత్రోపోమెట్రీ) తీసే పెట్టె ఇది. స్విస్ శాస్త్రవేత్త రుడాల్ఫ్ మార్టిన్ పేరుతో పిలుస్తారు. నాలుగు ముక్కలుగా విడిపోయే రెండు మీటర్ల రాడ్, తల కొలిచే స్ప్రెడింగ్ కాలిపర్, ముక్కూ ముఖం కొలిచే స్లైడింగ్ కాలిపర్ ఇందులో ముఖ్యమైనవి. చవక సెట్లలో రాడ్‌తో సర్దుకుపోవచ్చు గానీ స్ప్రెడింగ్ కాలిపర్‌తో మాత్రం కుదరదు.

ముందు రాడ్ మొత్తం బిగించి అతుకులు చూడండి. మూడు అతుకుల్లోనూ మిల్లీమీటరు చొప్పున సందు ఉంటే మనిషి ఎత్తు మూడు మిల్లీమీటర్లు తక్కువ చూపిస్తుంది. రాడ్‌కి రెండు స్కేళ్లుంటాయి: ఒకటి కింద నుంచి పైకి, రెండోది పై ముక్కలనే కాలిపర్‌లా వాడుకోవడానికి పై నుంచి కిందికి. కొత్తవాళ్లు ఎక్కువగా తప్పు చదివేది ఇక్కడే. ఎత్తు తీసేటప్పుడు చెప్పులు విడిపించి, కొప్పు విప్పించి, ఎడమ కంటి గుంట కింది అంచూ చెవి రంధ్రం ముందున్న బుడిపె పై అంచూ ఒకే మట్టంలో ఉండేలా తల నిలబెట్టాలి. కొలిచిన వేళ కూడా రాయండి. పొద్దుటికీ సాయంత్రానికీ ఎత్తు సుమారు సెంటీమీటరు తగ్గుతుంది.

స్ప్రెడింగ్ కాలిపర్ మొనలు కలిపితే ముల్లు సున్నా మీదే ఆగాలి. అంతటితో సరిపెట్టకండి. స్లైడింగ్ కాలిపర్‌తో కొలిచిన 150 మిల్లీమీటర్ల గట్టి దిమ్మెను దీని మొనల మధ్య పెట్టి చూడండి. కాలిపర్ చేతులు వంగే రకమైతే తేడా అక్కడే బయటపడుతుంది. తల పొడవు 186, వెడల్పు 141 మిల్లీమీటర్లయితే సెఫాలిక్ ఇండెక్స్ (తల పొడవులో వెడల్పు ఎంత శాతమో) 75.8, అంటే పొడవు తల. వెడల్పు 142 అని చదివితే 76.3, మధ్యస్థ తల. ఒక్క మిల్లీమీటరుకే వర్గం మారిపోయింది!

ఇలాంటి కొలతలతోనే బ్రిటిష్ అధికారి రిస్లీ 1891లో ముక్కు ఇండెక్స్‌ని (ముక్కు పొడవులో వెడల్పు శాతాన్ని) బట్టి కులాలకు ఎక్కువ తక్కువలు కట్టాడు. అమెరికాలో పుట్టిన వలసవాసుల పిల్లల తల ఆకారం తల్లిదండ్రులకన్నా మారుతోందని 1912లో ఆంత్రోపాలజిస్టు ఫ్రాంజ్ బోయాస్ చూపించాడు. అంటే తల ఆకారం మారని జాతి గుర్తు కాదు. అందుకే కిట్‌తో వచ్చే పుస్తకంలో జాతుల పట్టిక ఉంటే దాన్ని నమ్మకండి. ఈ పరికరాల అసలైన ఉపయోగం పిల్లల ఎదుగుదల, పోషణ పరిశీలనలో, సీట్లు, హెల్మెట్ల డిజైన్‌లో ఉంది.

సొంతానికైతే మొత్తం సెట్ అక్కర్లేదు, స్లైడింగ్ కాలిపర్ ఒక్కటి చాలు. రాడ్ మీ కాలేజీ డిపార్ట్‌మెంట్‌లో దొరుకుతుంది. విశాఖ లాంటి తీర ప్రాంతాల్లో చెమట చేతులతో వాడాక పొడిగుడ్డతో తుడిచి, కుట్టుమిషన్ నూనె పల్చగా రాసి పెట్టెలో పెట్టండి. స్లైడర్ లోపల తుప్పు పడితే కదలిక పట్టేస్తుంది, గరుకు కాగితంతో రుద్దితే స్కేలు గీతలు చెరిగిపోతాయి.