బాలానగర్ లేజర్ కటింగ్ షాపు: మొదటి పెట్టె వదులు, రెండోది బిగుతు

నాలుగు స్టార్లు ఇస్తున్నా. ఐదోది ఎందుకు కోశానో చదివితే మీకే తెలుస్తుంది.

మా అమ్మకి అష్టాచెమ్మా పెట్టె చేయిద్దామని వెళ్ళాను. పైన ఐదు ఇంటూ ఐదు గళ్ళ బోర్డు, కింద గవ్వలూ పావులూ దాచుకునే చిన్న సొరుగు, అంతా 3 ఎంఎం ఎండీఎఫ్ (చెక్క పీచుని జిగురుతో నొక్కి చేసే షీటు), మేకులూ స్క్రూలూ లేకుండా పళ్ళలో పళ్ళు ఇరుక్కుని నిలబడాలి. డిజైన్ నేనే గీశాను. ఒక్కో పన్ను సరిగ్గా 10 ఎంఎం, అది దూరే గాడీ సరిగ్గా 10. కంప్యూటర్లో ముచ్చటగా కుదిరింది. కౌంటర్లో కుర్రాడు ఫైలు చూసి "ఏం టెన్షన్ పడకక్కా, లేజర్ కదా, గీత మీద గీత వస్తది" అన్నాడు. వచ్చింది కూడా. ఇంటికెళ్ళి బిగిస్తే పెట్టె చేతిలో ఊగుతోంది, తలకిందులు చేశానో లేదో అడుగు చెక్క ఊడి కాలి మీద పడింది.

తప్పు సగం నాదే. వడ్రంగి రంపంతో కోస్తే పొట్టు రాలుతుంది, ఆ కోతకి ఎంత పోతుందో ఆయన ముందే లెక్కలో వేసుకుంటాడు. లేజర్‌కి పొట్టు రాలదు, పోయేదంతా పొగై పోతుంది, అందుకే మనకి అక్కడ ఏమీ పోనట్టే ఉంటుంది. పోయేది సుమారు 0.2 ఎంఎం. గీత మధ్యలోంచి కాలుస్తుంది కాబట్టి పన్ను రెండు వైపులా తలా 0.1 తరిగి 9.8 అయింది, గాడి అలాగే పెరిగి 10.2 అయింది, అంటే ప్రతి జాయింట్‌లో 0.4 వదులు. చెప్పుకుంటే వెంట్రుక మందాల లెక్కే గానీ నాలుగు గోడల పెట్టెకి అది చాలు కూలడానికి. మిగతా సగం తప్పు షాపుది, రోజూ ఇదే పని చేసేవాళ్ళు ఒక్క మాట అడగొచ్చు కదా, "కోత కలిపి గీశావా" అని.

రెండోసారి వెళ్ళినప్పుడు ఓనరే ఉన్నారు, యాభై దాటిన మనిషి. ఊగే పెట్టెని చేతిలో తిప్పి చూసి ఏమీ అనలేదు, మిగిలిన అదే షీటు ముక్క మీద పక్కపక్కన పది పట్టీలు కోయించారు, ఒక్కోటి 10 ఎంఎం. తర్వాత పట్టీలన్నీ షీటులో అవి కోసిన ఆ కిటికీలాంటి ఖాళీలోనే ఒక పక్కకి నెట్టి, చివర మిగిలిన సందులో వెర్నియర్ (సన్నటి కొలతలు తీసే పరికరం) దవడలు పెట్టారు. 1.98. నేను గబుక్కున "పదితో భాగిస్తే 0.198" అన్నాను. ఆయన వేలితో గీతలు లెక్కపెడుతూ "పట్టీలు పదే అమ్మా, కోతలెన్ని?" అన్నారు. పదకొండు. అంటే 0.18. నాకు సిగ్గేసింది, కానీ ఆ ఒక్క నిమిషానికే ఈ షాపుకి మళ్ళీ వెళ్ళాలనిపించింది.

ఇంకోటి కూడా ఆయనే పట్టారు. షీటు మీద 3 ఎంఎం అని రాసి ఉన్నా వెర్నియర్‌తో కొలిస్తే ఒక అంచున 2.8, ఇంకో అంచున 2.9. సొరుగు చెక్క నిలువుగా దూరే గాడికి కోత వెడల్పు ఒక్కటే సరిచేస్తే చాలదు, చెక్క అసలు మందం కూడా కావాలి. గీత మొత్తాన్ని సగం కోత, అంటే 0.09 బయటికి జరిపారు, లోపల ఉండే రంధ్రాలకి అదే లోపలికి. రెండో పెట్టె రబ్బరు సుత్తితో తట్టి బిగించాల్సి వచ్చింది, జిగురు చుక్క వాడలేదు.

అయితే ఆ 0.18ని రాసిపెట్టుకుని ప్రతిదానికీ వాడేయకండి. ముసురు పట్టిన వారంలో ఎండీఎఫ్ అప్పడంలా వంగి ఉంటుంది, వంగిన చోట లెన్సుకి దూరం మారి లేజర్ చుక్క పెద్దదవుతుంది, కోత వెడల్పవుతుంది. వీళ్ళు నాలుగు మూలలా ఇనప ముక్కలు బరువు పెట్టి కోశారు. పైగా కోత గోడ నిటారుగా ఉండదు, పై వైపు ఒకలా కింద వైపు ఒకలా కొద్దిగా ఏటవాలుగా వస్తుంది. అక్రిలిక్‌కి, కాగితానికి లెక్క మళ్ళీ వేరే.

కాగితం అంటే గుర్తొచ్చింది, మా చెల్లి పెళ్ళి కార్డుకి 300 జీఎస్ఎం మందపాటి కాగితం మీద జాలీ కూడా ఇక్కడే కోయించాం. అక్కడ కోత సన్నమే, బాధంతా మంటతోనే. రెండు రంధ్రాల మధ్య నేను 0.5 ఎంఎం వదిలాను, సాంపిల్‌లో ఆ తీగలన్నీ గోధుమరంగులోకి తిరిగి రెండు చోట్ల తెగిపోయాయి. మలుపుల్లో హెడ్ నెమ్మదిస్తుంది, అక్కడ పవర్ తగ్గకపోతే మాడుతుందట. 1 ఎంఎం చేశాక బాగా వచ్చాయి. వెనక వైపు కొంచెం పొగ మరక, కవర్ తెరవగానే కాలిన వాసన, ఆ రెండూ భరించాలి.

నేనున్నప్పుడే ఒకాయన రెగ్జిన్ తెచ్చి కోయమన్నాడు, అందులో పీవీసీ ఉంటుందని వెంటనే పంపించేశారు. అది కాలిస్తే వచ్చే ఆమ్లపు పొగ ఊపిరికీ చెడ్డ, మెషీనుకీ తుప్పు. డబ్బు వస్తుంటే వద్దన్నారు, అది నాకు నచ్చింది.

ఇక ఐదో స్టారు సంగతి. రేటు నిమిషానికి 15 రూపాయలు, పర్లేదు, కానీ మొదటి పెట్టెకి పైసా వెనక్కి ఇవ్వలేదు, షీటు ఖర్చు మాత్రం రెండోసారి వదిలేశారు. "రేపు" అంటే మూడు రోజులు. డిజైన్‌ని ఫొటోగా వాట్సాప్ చేస్తే కొలతలు మారిపోతాయి, గీతల్ని కొలతలతో సహా దాచే డీఎక్స్ఎఫ్ ఫైలు పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్ళండి, గీత మీద గీత రెండుసార్లు పడలేదని చూసుకోండి, పడితే అదే చోట రెండుసార్లు కాలుస్తుంది, నిమిషాలూ మీ ఖాతాలోనే. ఓనరు మధ్యాహ్నం మూడు తర్వాతే ఉంటారు. కుర్రాడొక్కడే ఉంటే ముందు పదకొండు కోతలు కోయించుకుని, మీ వెర్నియర్ మీరే తీసుకెళ్ళండి.